మిర్యాలగూడలో రబ్బరు రోల్స్ ఫ్యాక్టరీ పెట్టాలంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో రైస్ మిల్లు ఉంది. వడ్ల ఊక తీసే రబ్బరు రోల్స్, గాస్కెట్లు, బెల్టులు అన్నీ బయటి నుంచే కొంటున్నాం. రెండు హైడ్రాలిక్ ప్రెస్సులు కొని సొంతంగా ఇండస్ట్రియల్ రబ్బరు యూనిట్ పెట్టాలని ఉంది. ఈ రంగంలో కంపెనీలు ఎలా పుట్టాయి, ఎలా నిలబడ్డాయి? ఇందులో పైసలు ఎక్కడ మిగులుతాయి? మన దగ్గర నడుస్తుందా?

జవాబు:

నడుస్తుంది. సరుకు కొనేవాళ్లు మీ చుట్టే ఉన్నప్పుడు నడవకపోవడానికి కారణం లేదు. కానీ మీ ప్రశ్నలో "రెండు ప్రెస్సులు" అన్న మాట చూసి ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ప్రెస్, అంటే రబ్బరును అచ్చులో పెట్టి వేడి మీద నొక్కే యంత్రం, ఎవరైనా కొనగలరు. బ్యాంకు లోన్ ఇస్తుంది, అమ్మినవాళ్లే వచ్చి బిగించి పోతారు. ఆ ప్రెస్‌లో పెట్టే కంపౌండ్ మీ చేతిలో లేకపోతే మీరు చేసేది కూలి పని కిందే లెక్క. కంపౌండ్ అంటే రబ్బరులో కార్బన్ బ్లాకో సిలికానో, నూనె, జింక్ ఆక్సైడ్, గంధకం, ఇంకొన్ని రసాయనాలు కలిపి మెదిపిన ముద్ద. నేను చాలా ఏళ్లు హైదరాబాద్ దగ్గర నాచారం, కొత్తూరు వైపు మిక్సింగ్ రూముల్లో పనిచేశాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు కంపౌండ్లు తయారు చేసి ఇస్తున్నాను. మూతపడ్డ యూనిట్లు చూశాను. వాటిలో ప్రెస్సులు బాగానే ఉన్నాయి. సరుకే ఒక నెల బాగుండి, ఇంకో నెల తేడా వచ్చేది. కొనేవాడికి ఒక్కసారి నమ్మకం పోతే ధర తగ్గించినా తిరిగి రాడు.

మీరు చరిత్ర అడిగారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. ఈ రంగం చరిత్ర అంతా కంపౌండ్ చుట్టూనే తిరిగింది.

1830లలో అమెరికాలో రబ్బరు బూట్లు, వాన కోట్లు చేసే కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటిలో రాక్స్‌బరీ ఇండియా రబ్బర్ కంపెనీ పెద్దది. అక్కడి ఎడ్విన్ చాఫీ 1836లో వేడి రోలర్ల మధ్య రబ్బరును నలిపే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ మన షెడ్లలో తిరిగే రెండు రోళ్ల మిక్సింగ్ మిల్లు ఆ వంశానిదే. అంటే యంత్రం ఉంది, పెట్టుబడి ఉంది, గిరాకీ కూడా ఉంది. అయినా సరుకు ఎండాకాలంలో కరిగి జిగురైపోయేది, చలికాలంలో బిరుసెక్కి పగిలిపోయేది. వాపసు వచ్చిన సరుకుతోనే కంపెనీలు కుప్పకూలాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకూ చలికీ తట్టుకుంటుందని కనిపెట్టాడు. దీన్నే మేం రబ్బరు ఉడకడం అంటాం. ఆ పద్ధతికి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1844లో. ఈలోగా ఇంగ్లండ్‌లో థామస్ హాంకాక్ అదే పద్ధతికి 1843 నవంబరులోనే దరఖాస్తు పెట్టేశాడు. గుడ్‌ఇయర్ 1860లో అప్పులతోనే చనిపోయాడు. ఇప్పుడు మనకు తెలిసిన గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ 1898లో పుట్టింది. ఆయన పేరు పెట్టుకుంది గానీ ఆయనకూ ఆయన కుటుంబానికీ అందులో భాగం లేదు.

ఆ తర్వాతి మెట్లన్నీ మిక్సింగ్ రూమువే. ఒట్టి గంధకంతో రబ్బరు ఉడకాలంటే గంటలు పట్టేది. 1906లో అమెరికాలోని ఆక్రన్‌లో జార్జ్ ఓన్‌స్లేగర్ అనిలిన్ కలిపితే ఆ సమయం బాగా తగ్గుతుందని చూపించాడు. ఇవాళ మనం వాడే యాక్సిలరేటర్లన్నీ, అంటే ఉడికే వేగం పెంచే మందులన్నీ, ఆ దారిలో వచ్చినవే. కార్బన్ బ్లాక్ మొదట్లో నల్లరంగు కోసమే వేసేవాళ్లు. అది అరుగుదలను, చిరుగుడును ఎంత ఆపుతుందో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గాని తెలియలేదు. 1916లో ఫెర్న్‌లీ బాన్‌బరీ మూసి ఉన్న గదిలో కలిపే మిక్సర్ తెచ్చాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1942లో జపాన్ మలయాను, డచ్ ఈస్టిండీస్‌ను పట్టుకున్నాక అమెరికాకు చెట్టు రబ్బరు దాదాపు ఆగిపోయింది. గత్యంతరం లేక ప్రభుత్వం, కంపెనీలు కలిసి కృత్రిమ రబ్బరు మీద పడ్డాయి. 1944 నాటికి ఏడాదికి 7 లక్షల టన్నులు దాటించాయి.

నాకు ఇష్టమైన కథ మాత్రం జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీది. 1849లో వైన్‌హైమ్‌లో తోళ్ల పరిశ్రమగా మొదలైంది. 1929 మాంద్యంతో తోళ్ల వ్యాపారం దెబ్బతిన్నాక, చేతిలో ఉన్న తోలుతోనే యంత్రాలకు సీళ్లు చేయడం మొదలుపెట్టారు. తిరిగే షాఫ్టు దగ్గర నూనె కారకుండా ఆపే సీల్‌ను 1930లలో తెచ్చారు, తర్వాత తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు పెట్టారు. ఇవాళ ఆయిల్ సీళ్లలో ప్రపంచంలోనే పెద్ద పేరు వాళ్లది. మీ మిల్లు గేర్‌బాక్సులో ఉన్న ఆయిల్ సీల్ ఆ జాతిదే. వాళ్లు పక్కకు వెళ్లి కొత్త వ్యాపారం వెతకలేదు. తమ కొనుగోలుదారు దగ్గర ఏది కారుతోందో, ఏది అరుగుతోందో చూసి అక్కడ చేయిపెట్టారు. మీకు పనికొచ్చే పాఠం ఇందులో ఉంది. మీ ఇంట్లో మిల్లు ఉంది, ఏది ఎన్నాళ్లకు అరుగుతుందో మీకు తెలుసు. బయటి నుంచి వచ్చే ఏ కంపెనీకీ ఈ సమాచారం ఊరికే దొరకదు.

మన దేశంలో ఈ రంగం టైర్ల వెనకాలే వచ్చింది. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ మొదలైంది. ముడి రబ్బరు కేరళది. 1947లో రబ్బరు చట్టం వచ్చింది, కొట్టాయంలో రబ్బరు బోర్డు వచ్చింది. కృత్రిమ రబ్బరు కోసం 1963లో బరేలీ దగ్గర సింథటిక్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. చెరకు మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్‌తో అక్కడ ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరు చేసేవాళ్లు. మన తెలంగాణలో రబ్బరు చెట్టు పెరగదు, పెట్రోకెమికల్ రబ్బరూ తయారు కాదు. ముడిసరుకు అంతా లారీల్లోనే రావాలి. కాబట్టి ఇక్కడ మనకు మిగిలే లాభం రెండే: కొనేవాడికి దగ్గరగా ఉండటం, కంపౌండ్ మీద పట్టు.

ఇక మిక్సింగ్ రూములో ఏం జరుగుతుందో చెప్తాను. దీన్ని కళ్లతో చూడకుండా పెట్టుబడి పెట్టకండి.

మిక్సింగ్ మిల్లులో రెండు రోళ్లు ఎదురెదురుగా, ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నిదానంగా తిరుగుతుంటాయి. ముందు రబ్బరు ముక్కలు వేస్తారు. మొదట అవి ఎగిరెగిరి పడతాయి, చిరిగిపోతాయి, రెండు మూడు సార్లు తిరిగాక మెత్తబడి ముందు రోలుకు పట్టీలా చుట్టుకుంటాయి. ఆ పట్టీ నున్నగా, చిల్లులు లేకుండా వచ్చే దాకా ఇంకేమీ వేయకూడదు. తర్వాత జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్. తర్వాత కార్బన్ బ్లాక్, కొంచెం కొంచెంగా, మధ్యమధ్యలో నూనె. కింద ట్రేలో రాలిన పొడి మొత్తం ఎత్తి మళ్లీ వేయాలి. కొందరు దాన్ని ఊడ్చి పారేస్తారు. అక్కడే బ్యాచ్ బరువు మారిపోతుంది, గట్టిదనం పడిపోతుంది. మిక్సింగ్ చేసేవాడు కత్తితో పట్టీని అటు సగం, ఇటు సగం కోసి మడిచి మళ్లీ వేస్తుంటాడు. అది చేసిన కొద్దీ లోపల అంతా సమంగా కలుస్తుంది. గంధకం, యాక్సిలరేటర్ చివర్లో, రోళ్లు చల్లబడ్డాక వేయాలి. వేడి మీద వేస్తే మిల్లు మీదే ఉడకడం మొదలవుతుంది. షీటు మీద గరుకు గరుకుగా గింజలు కనిపిస్తే ఆ బ్యాచ్ పోయినట్టే. మేం దాన్ని స్కార్చ్ అంటాం. దాన్ని మళ్లీ నలిపి మంచి సరుకులో కలుపుదాం అనేవాళ్లు ఉంటారు. మీరు అలా చేయనివ్వకండి.

మన ప్రాంతానికి స్కార్చ్ పెద్ద సమస్య. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ ఉడికే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. 30 డిగ్రీల దగ్గర రెండు వారాలు నిలిచే కంపౌండ్ 45 దగ్గర వారం కూడా ఆగదు. మే నెలలో నల్లగొండ ఎండ మీకు చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. కోయంబత్తూరులోనో కేరళలోనో చేసిన ఫార్ములా తెచ్చి ఇక్కడ అలాగే వాడితే ఏప్రిల్, మేలలో ప్రెస్ దగ్గర సరుకు అచ్చు నిండదు, అంచుల్లో గీతలు పడతాయి. అందరూ ప్రెస్ ఆపరేటర్‌ను తిడతారు. తప్పు నిల్వది. యాక్సిలరేటర్ నిదానంగా పనిచేసే రకం ఎంచుకోవాలి, ఎండాకాలానికి ఫార్ములాలో చిన్న మార్పు చేసుకోవాలి. కలిపిన షీట్లకు ఒక చిన్న ఏసీ గది కట్టుకోవాలి. చిన్న యూనిట్లలో ఈ గదిని ఎవరూ లెక్కలో వేయరు. మీరు ప్రాజెక్టు రిపోర్టులోనే రాయండి.

మిక్సింగ్ మిల్లు దగ్గర చేతులు జాగ్రత్త. ఇది మామూలుగా చెప్పే జాగ్రత్త మాట అనుకోకండి. రోళ్ల మధ్యకు వేళ్లు వెళితే బయటికి రావు. తలపై తాడో, మోకాలి దగ్గర బారో తాకగానే మిల్లు ఆగిపోయే ఏర్పాటు ఉండాలి, పొద్దున షిఫ్టు మొదలవగానే దాన్ని ఒకసారి లాగి చూడాలి. పాత మిల్లు చవగ్గా వస్తుందని కొనేవాళ్లు ముందు ఇదే చూడాలి. అది లేని మిల్లును ఉత్తగా ఇచ్చినా తీసుకోకండి. అలాగే నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు కంపౌండ్లలో వాడే ఈటీయూ అనే రసాయనం గర్భిణులకు ప్రమాదం. దాన్ని పొడిగా కాకుండా రబ్బరులో కట్టిన గింజల రూపంలో తెచ్చుకోవచ్చు. కొంచెం ఖర్చు ఎక్కువైనా అదే తెప్పించండి.

ఇప్పుడు మీ అసలు సరుకు, రైస్ మిల్లు రోల్స్.

మిల్లరుగా మీకు తెలిసిందే అయినా రబ్బరు వైపు నుంచి చెప్తాను. రెండు రోళ్లలో ఒకటి ఇంకోదాని కన్నా సుమారు నాలుగో వంతు వేగంగా తిరుగుతుంది. ఆ తేడా వల్ల వడ్ల గింజ మీద రెండు వైపులా వేర్వేరు లాగుడు పడి ఊక విడిపోతుంది. గట్టిదనం షోర్ ఎ కొలతలో 85 నుంచి 90 దాకా ఉండాలి. మెత్తగా ఉంటే రోల్ తొందరగా అరుగుతుంది, వేడెక్కుతుంది. మరీ గట్టిగా ఉంటే నూకలు పెరుగుతాయి. ఈ రెంటి మధ్య సందు చాలా చిన్నది. అందులో బ్యాచ్ తర్వాత బ్యాచ్ నిలబడటమే మీ వ్యాపారం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మామూలు పారిశ్రామిక రబ్బరుకు బలం ఇచ్చేది కార్బన్ బ్లాక్. కానీ రోల్ అరిగిన పొడి బియ్యానికి అంటుకుంటే నల్ల మచ్చలు కనిపిస్తాయి. అందుకని తెల్లగా, లేత రంగుల్లో ఉండే రోల్స్‌లో బలం కోసం సిలికా వాడతారు. సిలికాతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, అది యాక్సిలరేటర్‌ను తన మీదికి లాగేసుకుంటుంది. ఫార్ములాలో ఉన్న మందు సగం పని చేయదు, రోల్ పైకి గట్టిగా ఉన్నా లోపల పచ్చిగా ఉంటుంది. దీనికి విరుగుడుగా డైఇథిలీన్ గ్లైకాలో పాలీఇథిలీన్ గ్లైకాలో (పీఈజీ) ముందే కలిపి సిలికాను శాంతింపజేయాలి. కలిపే వరస కూడా ముఖ్యం. నల్ల రబ్బరులో పండిపోయినవాళ్లు కూడా తెల్ల రోల్స్ దగ్గర తడబడేది ఇక్కడే. రబ్బరు త్వరగా పాతబడకుండా వేసే యాంటీఆక్సిడెంట్ కూడా రంగు దిగని రకం వాడాలి. ఇది తిండి గింజకు తగిలే సరుకు, ఏ రసాయనం వేస్తున్నారో మీ పిల్లలు తినే అన్నం గుర్తుపెట్టుకుని వేయండి.

రెండో సంగతి లోహానికి రబ్బరు పట్టడం. మిల్లులో రోల్ పాడైందంటే చాలాసార్లు అరిగి కాదు, డ్రమ్ము మీద నుంచి పొర లేచిపోయి. ఇనుప డ్రమ్మునైనా అల్యూమినియం డ్రమ్మునైనా ఇసుకో గ్రిట్టో కొట్టి తెల్లగా చేయాలి, జిడ్డు పోయేలా కడగాలి, రబ్బరును లోహానికి అంటించే బాండింగ్ ఏజెంట్ రెండు పూతలు వేయాలి, పూత ఆరాక చేత్తో ముట్టకూడదు. ఊడిన రోల్ దొరికితే పారేయకండి, లోపలి వైపు చూడండి. లోహం మీద రబ్బరు ముక్కలు అంటుకునే ఉంటే బంధం బాగానే ఉంది, రబ్బరు చిరిగింది. లోహం నిగనిగలాడుతూ బయటపడితే శుభ్రం చేయడంలోనో పూతలోనో లోపం. లోహం మీద పూత ఉండి రబ్బరు శుభ్రంగా ఊడొస్తే పూత వేశాక ఆలస్యమైనా, దుమ్ము పడినా, రబ్బరు ముందే సగం ఉడికినా అలా జరుగుతుంది. మిర్యాలగూడలో ఒక్క సీజన్‌లో పారేసే పాత రోల్స్ తిరగేసి చూస్తే ఎవరి సరుకులో ఏ లోపం ఉందో మీకు పుస్తకంలా కనిపిస్తుంది. పోటీదారు గురించి ఇంతకు మించిన సర్వే లేదు.

ఉప్పుడు బియ్యం మిల్లులకు, పచ్చి బియ్యం మిల్లులకు ఒకే రోల్ అమ్మకండి. నానబెట్టి ఆవిరి పట్టిన వడ్లలో ఊక ముందే విచ్చుకుని ఉంటుంది, లాగుడు తక్కువ చాలు. యాసంగి వడ్లు ఎండకు పగుళ్లు పట్టి, వాటిని పచ్చి బియ్యంగా మర పడితే నూక ఎక్కువ వస్తుంది. అలాంటి చోట రోల్ గట్టిదనం ఒక రెండు మూడు అంకెలు తగ్గించి చూడటం మంచిది. ఒక్కో మిల్లుకు ఏం కావాలో రాసుకుని ఇవ్వడం మీరు చేయగలరు, దూరం నుంచి పంపేవాడు చేయలేడు. రోల్ ఎన్ని క్వింటాళ్ల వడ్లకు నిలిచింది, నూక శాతం ఎంత అన్నది మిల్లు పుస్తకంలో రాయించండి. ధర గురించి బేరం వచ్చినప్పుడు ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

ఇక ఖర్చు లెక్క. ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రబ్బరు కిలోల్లో కొంటాం, సరుకు మాత్రం కొలతల్లో, అంటే ఘనపరిమాణంలో అమ్ముతాం. అచ్చు నిండడానికి పట్టేది లీటర్లు. ముడి రబ్బరు సాంద్రత సుమారు 0.92. కార్బన్ బ్లాక్ 1.8, సుద్ద, మట్టి 2.6 పైన, జింక్ ఆక్సైడ్ 5.6. ఉదాహరణకు ఒక కంపౌండ్ కిలో రూ.180, సాంద్రత 1.15 అనుకుందాం. లీటరుకు రూ.207 పడింది. ఇంకొకడు సుద్ద బాగా దట్టించి కిలో రూ.150కే ఇస్తానన్నాడు, సాంద్రత 1.45. లీటరుకు రూ.217 పైనే. చవక అని తెచ్చుకున్నది ఖరీదైంది, పైగా బలం లేదు. ఎవరు కంపౌండ్ అమ్మజూపినా మొదట సాంద్రత అడగండి. రూ.1 ఖర్చు లేకుండా గిన్నెడు నీళ్లు, చిన్న త్రాసు పెట్టి మీరే చూసుకోవచ్చు. పాత టైర్లు నలిపి చేసే రీక్లెయిమ్ రబ్బరు చెడ్డదేం కాదు, మడ్ ఫ్లాప్‌లకు, మ్యాట్లకు పనికొస్తుంది. రోల్స్‌లోనూ సీళ్లలోనూ చెప్పకుండా కలిపితే అది మోసం.

ముడి రబ్బరు ధర ఊగిసలాట చూసి భయపడతారు చాలామంది. భయపడాల్సిందే. 2011లో కిలో రూ.240 దాకా వెళ్లింది, 2016 మొదట్లో రూ.100 కిందికి పడింది, 2024 ఆగస్టులో మళ్లీ రూ.240 దాటింది. విదేశీ ముడి రబ్బరు మీద 25 శాతం సుంకం, లేదా కిలోకు రూ.30, ఏది తక్కువైతే అది పడుతుంది. కలిపిన కంపౌండ్ దిగుమతి మీద కూడా 2023 బడ్జెట్‌లో సుంకాన్ని 10 శాతం నుంచి ఇదే స్థాయికి, అంటే 25 శాతం లేదా కిలోకు రూ.30లో ఏది తక్కువైతే దానికి, పెంచారు. కాబట్టి ఏడాది మొత్తానికి ఒకే ధర రాసి ఒప్పందం చేయకండి. రబ్బరు బోర్డు రోజూ ప్రకటించే ధరను ఆధారం చేసుకుని, అది ఇంత దాటితే మా ధర ఇంత మారుతుందని బిల్లు కింద ముందే రాసుకోండి. పెద్ద కంపెనీలన్నీ ఇదే చేస్తాయి. చిన్నవాళ్లు మొహమాటపడి నష్టపోతారు.

మిల్లు రోల్స్ సీజన్ సరుకు. వానాకాలం వడ్లు వచ్చే అక్టోబరు నుంచి, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్ నుంచి గిరాకీ. మధ్యలో ప్రెస్సులు ఖాళీగా ఉండకూడదంటే ఇంకో కొనుగోలుదారు కావాలి. మీకు అటువైపు అదృష్టం బాగుంది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెర్వు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. వాటికి కన్వేయర్ బెల్టు మీరు చేయలేరు, దానికి పెద్ద క్యాలెండర్లు (రబ్బరును షీటుగా వత్తే రోలర్ యంత్రాలు), పెద్ద ప్రెస్సులు కావాలి. కానీ బెల్టు అంచుల్లో పొడి రాలకుండా పెట్టే స్కర్ట్ రబ్బరు, పుల్లీల మీద పట్టు కోసం వేసే రబ్బరు పొర, బెల్టు మీద సరుకు పడేచోట దెబ్బ కాచే ఇంపాక్ట్ రోలర్ల రింగులు మీ స్థాయివే. అవి ఎప్పుడూ అరుగుతూనే ఉంటాయి.

నాగార్జునసాగర్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ డ్యామ్‌కు పైన 26 గేట్లు. ఒక్కో గేటు అంచుల వెంట, కింద రబ్బరు సీల్ ఉంటుంది. పక్క సీళ్లు సంగీతపు స్వరం గుర్తు ఆకారంలో ఉంటాయి, గుండ్రటి తల మీద నీటి ఒత్తిడి పడి ఇనుముకు హత్తుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో, నీళ్లలో నలిగి సాగే గుణం పోయిన సీల్ నుంచి నీళ్లు జల్లులా కారతాయి. ఆ కారే నీళ్లు రైతుకు పోయిన నీళ్లే. ఇలాంటి సీల్‌కు గట్టిదనం కన్నా ముఖ్యమైన పరీక్ష కంప్రెషన్ సెట్, అంటే నొక్కి ఉంచి వదిలాక ఎంత వెనక్కి వస్తుందన్నది. మామూలు యూనిట్లు ఆ పరీక్ష చేయవు. సాగునీటి ప్రాజెక్టులు, ఎత్తిపోతల పథకాలు ఇన్ని ఉన్న మన జిల్లాల్లో ఈ పని నిలకడగా నేర్చుకున్న యూనిట్‌కు దశాబ్దాల పని ఉంది. నా మనసుకు బాగా దగ్గరైన పని ఇదే. మొదటి ఏడాది దీని జోలికి వెళ్లకండి, కానీ మనసులో పెట్టుకోండి.

ఫార్మా వైపు, అంటే జడ్చర్ల దగ్గరి పోలేపల్లి, చౌటుప్పల్ వైపు ఇప్పుడే చూడకండి. ఇంజెక్షన్ సీసాల బిరడాలు బ్యూటైల్ రబ్బరువి, వాటికి క్లీన్ రూము, కాగితాలు, ఆడిట్లు వేరే ప్రపంచం. అక్కడి ప్లాంట్లకు సిలికాన్ గాస్కెట్లు మాత్రం చేయొచ్చు.

ఒక రబ్బరు అన్నిటికీ పనికిరాదన్నది మీ దగ్గరికి వచ్చే ప్రతి ఆర్డర్‌లోనూ గుర్తుంచుకోవాలి. మీ బాయిలర్, నానబెట్టే ట్యాంకుల ఆవిరి మూతలకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బాగుంటుంది. అదే ఈపీడీఎంకు నూనె తగిలితే ఉబ్బిపోతుంది. నూనె ఉన్న చోట నైట్రైల్ అనే ఇంకో రకం రబ్బరు వాడాలి. నైట్రైల్ ఎండలో, గాలిలో పగుళ్లు పడుతుంది. ఎండ, గాలి తగిలే వంతెనల బేరింగులకు నియోప్రీన్. పాలీయురేథేన్ అరుగుదలకు గట్టిది, సిమెంటు జల్లెడలకు బాగుంటుంది. వేడి ఆవిరి తగిలే చోట మాత్రం పొడిపొడి అవుతుంది. కొనేవాడు "నల్ల రబ్బరు గాస్కెట్ కావాలి" అని మాత్రమే చెప్తాడు. ఏం తగులుతుంది, ఎంత వేడి, ఎంత ఒత్తిడి అని మీరే అడగాలి.

పెట్టుబడి వరస నా దృష్టిలో ఇలా ఉండాలి. మొదటి ఏడాది మిక్సింగ్ మిల్లు కొనకండి. హైదరాబాద్ చుట్టుపక్కల కంపౌండ్ కలిపి ఇచ్చే యూనిట్లు ఉన్నాయి. ఫార్ములా మీది, రసాయనాలు మీరు తూచి సంచుల్లో కట్టి పంపుతారు, కలపడం వాళ్ల పని. దీంతో ఫార్ములా బయటికి పూర్తిగా పోదు, మీకు అనుభవం వస్తుంది. ఒక్క ప్రెస్ కొనండి, రెండు కాదు. మిగిలిన డబ్బు పరీక్షల మీద పెట్టండి. షోర్ మీటరు, సాంద్రత చూసే త్రాసు మొదటి రోజు నుంచే ఉండాలి. రియోమీటరు, అంటే కంపౌండ్ ఎన్ని నిమిషాలకు ఉడకడం మొదలుపెడుతుంది, ఎప్పుడు పూర్తిగా ఉడుకుతుంది అని గ్రాఫ్ గీసి చూపే యంత్రం, రెండో ప్రెస్ కన్నా ముందు రావాలి. అది వచ్చే దాకా ప్రతి బ్యాచ్ నుంచి చిన్న ముక్క పంపి బయట పరీక్ష చేయించండి. చర్లపల్లిలో ప్లాస్టిక్స్, పాలిమర్ల కేంద్ర సంస్థ సిపెట్ ఉంది, శ్రీసిటీలో ఒకప్పుడు ఇర్మ్రా అని పేరున్న రబ్బరు పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. అచ్చులు చేయించేటప్పుడు రబ్బరు చల్లారాక సుమారు 2 శాతం కుంచించుకుపోతుందని అచ్చు చేసేవాడికి కంపౌండ్‌తో సహా చెప్పండి. కంపౌండ్ మారితే ఆ శాతమూ మారుతుంది. రోల్స్‌లో గ్రైండింగ్ ఉంటుంది కాబట్టి సర్దుకోవచ్చు, సీళ్లలో సర్దుకోలేరు.

లోన్ విషయానికొస్తే, కేంద్రం సబ్సిడీ లోన్ పథకం పీఎంఈజీపీ కింద, 2022లో మార్చిన నియమాల ప్రకారం, తయారీ యూనిట్‌కు రూ.50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు, గ్రామీణ ప్రాంతంలో సబ్సిడీ 25 నుంచి 35 శాతం. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మొదటి రోజే చేయించండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా కార్బన్ బ్లాక్ సంచి కూడా దించకండి. పక్క పొలం పత్తి మీద నల్ల పొడి పడితే మీకు ఊళ్లో నిలవనీడ ఉండదు, ఆ రైతు కోపంలో న్యాయం ఉంటుంది కూడా.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఉద్దెర. రబ్బరు, రసాయనాలు దాదాపు నగదుకే వస్తాయి. రోల్స్ మాత్రం మిల్లరు సీజన్ అయ్యాక ఇస్తానంటాడు. కస్టమ్ మిల్లింగ్, అంటే ప్రభుత్వ వడ్లను మర పట్టి ఇచ్చే పని, చేసే మిల్లుకు డబ్బు ఎప్పుడొస్తే మీకూ అప్పుడే. సూక్ష్మ, చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని ఎంఎస్ఎంఈ చట్టం చెప్తుంది. ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ పడుతుంది. ఆదాయపు పన్ను నియమం (1961 చట్టంలో 43బీ(హెచ్)) వచ్చాక, గడువు దాటిన బకాయిని చెల్లించే దాకా కొనుగోలుదారు ఖర్చుగా చూపుకోలేడు. సిమెంటు కంపెనీలు ఈ మాటకు కదులుతాయి. తెలిసిన మిల్లరు దగ్గర చట్టం మాట ఎత్తలేరు, బంధువులై ఉంటారు. అందుకని మొదటి నుంచే ఒక పద్ధతి పెట్టుకోండి: పాత జత డబ్బు ఇచ్చాకే కొత్త జత. రోల్ నిజంగా బాగుంటే మిల్లరు ఈ పద్ధతికి ఒప్పుకుంటాడు, మిల్లు ఆగితే అతనికి పోయేది అంతకన్నా ఎక్కువ.

మీరు ఇప్పుడు వాడుతున్న రోల్స్ 6 అంగుళాలవా 10 అంగుళాలవా, ఏ రంగు, షోర్ మీటరులో ఎంత చూపిస్తున్నాయి, జత ఎన్ని క్వింటాళ్లు నడుస్తోంది, ఉప్పుడు బియ్యమా పచ్చి బియ్యమా, ఊడిన రోల్ లోపలి వైపు ఎలా ఉంది, ఇవి కింద రాయండి. ఫోటో కూడా పెట్టండి. మొదటి ట్రయల్ కంపౌండ్ ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెప్తాను.